మృతులే సాక్షులైన కేసులు: అతీంద్రియ డిటెక్టివ్ గేములలో దేన్ని ఎంచుకోవాలి?

డిటెక్టివ్ గేమ్ కొనాలనుకునేవారు సాధారణంగా ముందు కథ ఎలా ఉంటుందని అడుగుతారు, ఆ తరువాత భయం ఎంత ఉంటుందని అడుగుతారు. ఆత్మలు, శాపాలు కూడా కలిసిన డిటెక్టివ్ గేముల విషయంలో ఈ రెండింటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని నా అభిప్రాయం: ఇందులో కేసును ఛేదించేది ఆడేవారా, గేమా? భేతాళ కథల్లో శవం కథ చెప్పి ప్రశ్న వేస్తుంది, ఆలోచించి జవాబు చెప్పే భారం మాత్రం విక్రమార్కుడిదే. జవాబు కూడా శవమే చెప్పేస్తే ఇక రాజుకు మిగిలేది బరువు మోసుకుంటూ శ్మశానంలో నడవడమే. ఈ కోవకు చెందిన గేములు కొన్నింటిలో మృతులు తాము చూసినంత చూపించి తప్పుకుంటారు, మరికొన్నింటిలో జవాబును కూడా వారే చేతికి అందిస్తారు. రెండు రకాలూ ఆడదగినవే అయినా, ఒక రకాన్ని ఆశించి రెండో రకాన్ని కొన్నవారికి నిరాశ తప్పదు.

దీనికి అనుబంధంగా చూడవలసిన విషయం, గేములోని అతీంద్రియ శక్తికి పెట్టిన హద్దు. ఆత్మ ఏమైనా చేయగలదంటే ఇక ఊహకూ తర్కానికీ చోటుండదు, ఎందుకంటే తాళం వేసిన గదిలో హత్య ఎలా జరిగిందన్న ప్రశ్నకు 'గోడలోంచి వచ్చాడు' అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందుకే మంచి గేములు మొదటి అరగంటలోనే ఈ శక్తి ఏం చేయగలదో, ఏం చేయలేదో స్పష్టంగా చెప్పి, చివరిదాకా ఆ మాటకు కట్టుబడి ఉంటాయి. ఇక్కడ నేను ముఖ్యంగా పోల్చుతున్న ఐదు గేములనూ ఈ రెండు విషయాల ఆధారంగానే తూచాను. కథల్లోని మలుపులను ఎక్కడా బయటపెట్టలేదు.

వీటిలో పరిశోధన భారాన్ని పూర్తిగా ఆడేవారి మీద పెట్టినది 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్'. లూకస్ పోప్ దాదాపు ఒంటరిగా రూపొందించిన ఈ గేమ్ 2018 అక్టోబరులో కంప్యూటర్లకు, మరుసటి ఏడాది గేము యంత్రాలైన (కన్సోళ్లు) నింటెండో స్విచ్, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు వచ్చింది. 1802లో లండన్ నుంచి తూర్పు దేశాలకు బయలుదేరి గల్లంతైన వర్తక నౌక ఒకటి, 1807లో సిబ్బంది జాడ లేకుండా ఇంగ్లండులోని ఫాల్మత్ రేవుకు తిరిగి వస్తుంది. ఆడేవారిది, ఈస్టిండియా కంపెనీ తరఫున నష్టాన్ని మదింపు చేయడానికి ఆ ఓడ ఎక్కిన బీమా అధికారి పాత్ర. చేతిలో ఒక జేబు గడియారం ఉంటుంది. శవం దగ్గర దాన్ని తెరిస్తే, ఆ మనిషి చనిపోయే ముందు అక్కడ వినిపించిన మాటలూ చప్పుళ్లూ మొదట చీకటిలో వినిపిస్తాయి, ఆ తరువాత ప్రాణం పోయిన క్షణం కదలిక లేని దృశ్యంగా చుట్టూ పరుచుకుంటుంది. ఆ దృశ్యంలో నడిచి, వంగి, దగ్గరికి వెళ్లి చూడవచ్చు గాని దేన్నీ తాకలేం, ఎవరినీ ఏమీ అడగలేం. గడియారానికి ఉన్న శక్తి అంతే.

పని ఏమిటంటే, ఓడ మీది 60 మందిలో ఒక్కొక్కరి పేరును, వారికి ఏం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో ఒక పుస్తకంలో నింపడం. గేమ్ ఇచ్చే సామగ్రి సిబ్బంది జాబితా, ఓడ పటం, ప్రయాణంలో గీసిన గుంపు చిత్రాలు. ఇది ఒక విధంగా శవ పంచనామా, కాకపోతే అరవై మందికి ఒకేసారి చేయవలసి వస్తుంది. ఒకరి యాస, మరొకరి టోపీ, ఇంకొకరు ఎప్పుడూ ఎవరి పక్కన నిలబడతారన్న సంగతి, ఇలాంటివే ఆధారాలు. సంభాషణలు తెర మీద అక్షరాలుగా కనిపించినా మాట్లాడినవారి పేర్లు వాటి పక్కన ఉండవు కాబట్టి, ఆ గొంతు ఎవరిదన్నది కూడా మనమే తేల్చుకోవాలి. ముగ్గురు మనుషుల వివరాలు పూర్తిగా సరిపోయినప్పుడే గేమ్ ఆ ముగ్గురివీ ఒకేసారి ధ్రువీకరిస్తుంది. ఊహించి చూద్దామనుకునేవారికి అడ్డుకట్ట వేస్తూనే, నిజంగా ఆలోచించినవారికి ముందుకు సాగే ధైర్యమిచ్చే ఈ చిన్న నియమం, నాకు తెలిసినంతలో డిటెక్టివ్ గేముల రూపకల్పనలో కనిపించే అత్యుత్తమ నిర్ణయాలలో ఒకటి. చివరకు ఏ నావికుడి కుటుంబానికి కంపెనీ ఎంత చెల్లించాలి, ఎవరి ఆస్తికి జరిమానా విధించాలి అన్నది మీరు నింపిన పుస్తకాన్ని బట్టే తేలుతుంది. అంటే మీరు పొరబడితే ఒక మృతుడి వారసులకు అన్యాయం జరుగుతుంది. 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న కంపెనీ ఇది. ఓడ జాబితాలో భారతీయ నావికులు కూడా ఉన్నారు. జమాఖర్చుల భాషలో రాసిన ఆ చివరి లెక్కను చదువుతున్నప్పుడు మన పాఠకులకు కలిగే అనుభూతి మరొకరికి కలిగేదానికన్నా కొంచెం వేరుగా ఉంటుందని నేను నమ్ముతాను.

దీని బొమ్మలు పాతకాలపు మాకింటోష్ కంప్యూటరు తెరను తలపించేలా చుక్కలతో, రెండే రంగులలో ఉంటాయి. మొదటి పావుగంట కళ్లకు కొత్తగా అనిపించినా, ఏది చూడాలో ఏది వదిలేయాలో ఆ పొదుపే మనకు నేర్పుతుంది. 2019లో బ్రిటిష్ సినిమా, టీవీ అకాడమీ అయిన బాఫ్టా ఈ గేముకు కళకూ రూపకల్పనకూ రెండు బహుమతులు ఇచ్చింది. లోపాలు కూడా లేకపోలేదు. ఒక జ్ఞాపకంలోంచి మరో జ్ఞాపకంలోకి గేమ్ తానే లాక్కుపోతున్నప్పుడు, చూస్తున్నదాన్ని తాపీగా పరిశీలించే వీలు ఉండదు. తిరిగి చూడాలంటే ఓడ మీద ఆ శవం ఉన్న చోటికి మళ్లీ నడవాలి. సుమారు పది గంటలు పట్టే ఈ ఆటలో చివరి రెండు గంటలు నిజంగా కష్టం.

దీనికి పూర్తిగా ఎదుటి కొసన 'మర్డర్డ్: సోల్ సస్పెక్ట్' ఉంటుంది. ఎయిర్‌టైట్ గేమ్స్ తయారుచేయగా స్క్వేర్ ఎనిక్స్ 2014 జూన్‌లో విడుదల చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో సేలం పట్టణానికి చెందిన పోలీసు డిటెక్టివ్ రోనన్ ఓకానర్‌ను ఆట మొదట్లోనే హంతకుడు చంపేస్తాడు. ఆ తరువాత అతని ఆత్మే తన హత్య కేసును చేపడుతుంది. ఊహ ఎంత బాగుందో చెప్పనక్కరలేదు. 1692లో మంత్రగత్తెలన్న ఆరోపణతో 19 మందిని ఉరితీసి, మరొకరిని రాళ్ల బరువు కింద చంపిన ఊరు అది. ఆ పాత సేలం నీడ నేటి వీధుల మీద దెయ్యపు కట్టడాలుగా పరుచుకుని కనిపించడం, తలుపు తెరిచి ఉంటే తప్ప ఆత్మ ఏ ఇంట్లోకీ ప్రవేశించలేకపోవడం వంటివి శ్రద్ధగా అల్లిన వివరాలు. బతికున్నవారిలో ప్రవేశించి వారి మనసులోని మాట వినవచ్చు, పిల్లిలో ప్రవేశించి సందుల్లోంచి దూరవచ్చు.

అయితే పరిశోధన దగ్గరికి వచ్చేసరికి ఈ గేమ్ బాగా వెనకబడుతుంది. హత్యాస్థలంలో ఆధారాలను వెతికి, వాటిలో ముఖ్యమైనవేవో ఎంచుకోమంటుంది. తప్పుగా ఎంచుకుంటే మళ్లీ ఎంచుకోమంటుంది తప్ప దానివల్ల కథలో మార్పు రాదు, ఎవరికీ నష్టం జరగదు. మధ్యమధ్య పిశాచాలు ఎదురైనప్పుడు దాక్కుని వెనుకనుంచి దెబ్బతీయవలసిన ఘట్టాలు పరిశోధనకు ఏ విధంగానూ తోడ్పడవు. నాకు ఇందులో నచ్చినవి ప్రధాన కేసుకన్నా పక్కన ఉన్న చిన్న కథలే. తాము ఎలా చనిపోయారో తెలియక ఆ ఊళ్లోనే తిరుగుతున్న ఆత్మలకు ఆ సంగతి కనిపెట్టి చెప్పి సాగనంపే ఘట్టాలలో ఉన్న ఆర్ద్రత ముఖ్య కథలో లేదు. వాతావరణం కోసం, వానలో తడిసిన ఆ ఊరి వీధుల కోసం ఆడాలనుకునేవారు ధర బాగా తగ్గినప్పుడు తీసుకోవచ్చు. తమ బుర్రకు పదును పెట్టుకోవాలనుకునేవారికి నేను సిఫారసు చేయను.

ఈ రెండు కొసలకూ మధ్య ఉన్నది 'ఘోస్ట్ ట్రిక్: ఫాంటమ్ డిటెక్టివ్'. న్యాయస్థానపు వాదోపవాదాలతో సాగే 'ఏస్ అటార్నీ' గేముల సృష్టికర్త షు టకుమి దీన్ని కాప్‌కామ్ సంస్థకు రూపొందించారు. 2010లో జపాన్‌లో నింటెండో డీఎస్‌కు వచ్చిన ఈ గేమ్, 2023 జూన్‌లో మెరుగుపరిచిన రూపంలో నేటి కన్సోళ్లకూ కంప్యూటరుకూ వచ్చింది. ఇక్కడ కూడా కథానాయకుడు మొదటి దృశ్యంలోనే శవమై పడి ఉంటాడు. తానెవరో, తన్ను ఎవరు ఎందుకు చంపారో గుర్తులేని సిసెల్ ఆత్మకు తెల్లవారేదాకానే గడువు. అతని శక్తికి గీసిన గీత ఎంతో స్పష్టం: దగ్గరలో ఉన్న వస్తువు నుంచి వస్తువుకు దూకగలడు, ఆ వస్తువు చేయగలిగిన పని ఏదో ఒకటి చేయించగలడు, టెలిఫోను తీగ వెంట దూరప్రాంతాలకు వెళ్లగలడు, మరొకరి శవంలో ప్రవేశించి వారి మరణానికి సరిగ్గా నాలుగు నిమిషాల వెనక్కు వెళ్లి ఆ మరణాన్ని తప్పించే ప్రయత్నం చేయగలడు.

కాబట్టి ఇందులోని తెలివి హంతకుడు ఎవరన్నది తేల్చడంలో ఉండదు, ఆ పని కథే చేస్తుంది. దొర్లే బంతి, తెరుచుకునే గొడుగు, మోగే గంట వంటి మామూలు వస్తువులను ఏ క్రమంలో, ఏ క్షణంలో కదిలిస్తే ఒక ప్రాణం నిలుస్తుందో కనిపెట్టడంలో ఉంటుంది. విఫలమైతే ఎన్నిసార్లయినా వెనక్కు వెళ్లి మళ్లీ మొదలుపెట్టవచ్చు కాబట్టి గేములు అలవాటు లేనివారు కూడా నిశ్చింతగా ఆడవచ్చు. ఇది తర్కాన్ని మనకు వదలదు గదా అని తక్కువ చేయకూడదు. మొదటి అధ్యాయంలో యథాలాపంగా కనిపించిన వివరాలకు ముగింపులో వచ్చే అర్థం చూస్తే, రచయిత పాఠకుడి దగ్గర ఏదీ దాచలేదని, మనమే సరిగా చూడలేదని తెలుస్తుంది. ఉత్తమమైన అపరాధ పరిశోధన నవల ముగించినప్పుడు పుస్తకాన్ని మళ్లీ మొదటి పేజీకి తిప్పాలనిపించే ఆ కోరిక, గేములలో నాకు ఇంత బలంగా మరెక్కడా కలగలేదు. మరణాలు పదేపదే వచ్చినా నెత్తుటి దృశ్యాల మీద ఆధారపడదు, హాస్యం పుష్కలంగా ఉంటుంది, మిసైల్ అనే చిన్న కుక్కను ఇష్టపడనివారు ఉండరు. పదమూడు పద్నాలుగేళ్లు దాటిన పిల్లలతో కలిసి కూర్చుని ఆడడానికి ఈ ఐదింటిలో నా మొదటి ఎంపిక ఇదే.

'ది వానిషింగ్ ఆఫ్ ఈథన్ కార్టర్' గురించి చెప్పేటప్పుడు ముందుగా దాని నిడివి చెప్పాలి: నాలుగైదు గంటలు. పోలండుకు చెందిన ది ఆస్ట్రోనాట్స్ అనే చిన్న బృందం 2014లో విడుదల చేసింది. కథ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలోని రెడ్ క్రీక్ వ్యాలీ అనే కల్పిత లోయలో జరుగుతున్నా, ఆ అడవులూ రాళ్లూ పాత కట్టడాలూ పోలండులోని నిజమైన ప్రదేశాలను వందల ఫొటోలు తీసి, వాటినుంచి త్రిమితీయ రూపాలుగా మలిచినవి. ఆ కాలానికి ఈ పద్ధతి కొత్త. నాచు పట్టిన గోడ దగ్గర, తుప్పు పట్టిన పట్టాల దగ్గర ఇప్పటికీ చూపు నిలిచిపోతుంది. పాల్ ప్రాస్పరో అనే అతీంద్రియ విషయాల డిటెక్టివ్, తనకు ఉత్తరాలు రాసిన ఈథన్ అనే బాలుణ్ని వెతుక్కుంటూ ఆ లోయకు వస్తాడు. దారిలో శవాలు కనిపిస్తాయి. చెదిరిన వస్తువులను యథాస్థానంలో పెట్టి శవాన్ని తాకితే హత్యకు ముందు వెనుకల ఘట్టాలు నీలినీడల బొమ్మలుగా ఆవరణమంతా నిలబడతాయి, వాటికి వరుస సంఖ్యలు ఇచ్చి సరైన క్రమంలో పేర్చాలి. క్రమం సరిపోతే జరిగినదంతా కళ్లముందు నడుస్తుంది.

మొదలవుతూనే ఈ గేమ్ చేయిపట్టి నడిపించనని ప్రకటిస్తుంది. ఆ మాట నిలబెట్టుకుంటుంది కూడా, అయితే దానివల్ల లాభంతో పాటు ఇబ్బంది కూడా ఉంది. దారి పక్కన వదిలేసి వచ్చిన ఘట్టం ఉందని తెలియకుండానే చివరిదాకా వెళ్లి, అక్కడ ఆగిపోయి, ఆ లోయ అంతా మళ్లీ వెనక్కు నడవవలసి రావడం మొదటి రూపంలో చాలామందిని విసిగించింది. 2015లో వచ్చిన రీడక్స్ రూపంలో ఈ ఇబ్బందిని సవరించారు కాబట్టి కొనేటప్పుడు ఆ రూపాన్నే ఎంచుకోవడం మంచిది. తర్కానికి ఉన్న స్థానం చిన్నదే. ముగింపు కూడా హంతకుడి పేరు తెలుసుకోవడం కోసం ఆడినవారికి ఒక విధంగా, ఆ బాలుడి మనసు తెలుసుకోవడం కోసం ఆడినవారికి మరో విధంగా అనిపిస్తుంది. నేను రెండో పక్షం వాణ్ని. ఒక సెలవురోజు సాయంత్రం మొదలుపెట్టి రాత్రి భోజనం తరువాత ముగించదగిన గేమ్ కావాలంటే దీనికి సాటి లేదు. కాకపోతే దృశ్యాలు కొన్ని రక్తసిక్తంగా ఉంటాయి కాబట్టి పిల్లలకు తగదు.

ఐదోది 2023 మార్చిలో స్క్వేర్ ఎనిక్స్ విడుదల చేసిన 'పారానార్మసైట్: ది సెవెన్ మిస్టరీస్ ఆఫ్ హోంజో'. ఇందులో పేర్కొన్న ఏడు వింతలు గేము రచయితలు కల్పించినవి కావు. టోక్యో నగరంలో నేటి సుమిదా వార్డులో ఉన్న హోంజో ప్రాంతంలో 'ఎడో' అని పిలిచే షోగన్ల పాలనాకాలం (17-19 శతాబ్దాలు) నుంచి జనం చెప్పుకుంటున్న కథలవి. కాలువలో చేపలు దండిగా పట్టినవాడు ఇంటిదారి పట్టగానే నీళ్లలోంచి 'వదిలిపెట్టి వెళ్లు' అని గొంతు వినిపించడం, ఇల్లు చేరేసరికి బుట్ట ఖాళీగా ఉండడం వాటిలో ఒకటి. పొద్దుగూకాక చెరువుగట్టు మీద నడవవద్దని పెద్దలు చెప్పిన కథలు విని పెరిగినవారికి ఈ భయం పరాయిగా తోచదు. గేములో ఈ కథలు శాపశిలలుగా మారతాయి, ఒక్కో శాపానికి ఒక్కో షరతు ఉంటుంది. ఎదుటివారు తెలియక ఆ షరతును నెరవేర్చిన క్షణంలో శాపం గల వ్యక్తి వారిని చంపగలడు. అంటే ఎదుట నిలబడి మామూలుగా మాట్లాడుతున్న మనిషి దగ్గర ఏ శాపం ఉందో, నా ఏ కదలిక కోసం అతడు కాచుకుని ఉన్నాడో మాటలనుబట్టి పసిగట్టాలి. అతీంద్రియ శక్తికి గీసిన హద్దే ఇక్కడ పరిశోధనాంశం కావడం నన్ను ఎంతో ఆకట్టుకుంది.

అర్ధరాత్రి కిన్షిబోరి పార్కులో మొదలయ్యే మొదటి గంట భయానికీ తెలివికీ సమంగా పరీక్ష పెడుతుంది. ఆ తరువాత కథ పోలీసు డిటెక్టివ్, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, హైస్కూలు విద్యార్థిని వంటి పాత్రల వెంట చీలి, ఒకరి దారిలో తెలిసిన సంగతి మరొకరి దారిలో పనికి వచ్చేలా సాగుతుంది. కొన్ని చిక్కుముడులు విప్పాలంటే గేములోని పాత్రలా కాక, గేము ఆడుతున్న మనిషిలా ఆలోచించాలి. ఇంతకన్నా చెబితే ఆనందం చెడుతుంది. అయితే ఇది ప్రధానంగా చదివే గేమ్ అని గట్టిగా హెచ్చరించాలి. గొంతులు వినిపించవు, పది గంటలకు పైగా తెర మీద ఇంగ్లిషు వాక్యాలను ఓపికగా చదవగలగాలి. నడిమి భాగంలో సంభాషణలు కొంత సాగదీసినట్టు ఉంటాయి. ఫోనులో ఆడుకునే వీలు ఉండడం దీనికున్న మరో పెద్ద అనుకూలత.

ఈ ఐదింటి పక్కన మరికొన్నింటిని కూడా పేర్కొనాలి. వేజెట్ ఐ సంస్థవారి 'బ్లాక్‌వెల్' గేములు 2006 నుంచి 2014 మధ్య ఐదు వచ్చాయి. న్యూయార్కులో రోసా అనే యువతి, ఆమెను వదలని జోయీ అనే ఆత్మ కలిసి, చనిపోయామని ఒప్పుకోలేని వారికి నచ్చజెప్పి పంపిస్తారు. ఎంత పాత కంప్యూటరులోనైనా నడుస్తాయి, మొదటిది చిన్నది, చివరిది ఉత్కృష్టం. 1993 నాటి 'గాబ్రియెల్ నైట్: సిన్స్ ఆఫ్ ది ఫాదర్స్' న్యూ ఓర్లీన్స్ నగరపు వూడూ (ఆత్మలను కొలిచే ఆఫ్రికన్ మూలాల మతం) నేపథ్యాన్ని లోతుగా అధ్యయనం చేసి జేన్ జెన్సెన్ రాసినది, కాని ఆ కాలపు చిక్కుముడుల పద్ధతికి ఓపిక కావాలి. 2023 నాటి 'అలన్ వేక్ 2'లో ఎఫ్‌బీఐ అధికారిణి తన మనోగదిలో ఆధారాలను గోడమీద అతికించే పద్ధతి చూడముచ్చటగా ఉన్నా, అది ముఖ్యంగా భయానక పోరాట గేమ్. దానికి సుమారు 90 గిగాబైట్ల చోటు, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావాలి.

మీ దగ్గర ఉన్న యంత్రాన్ని బట్టి చూస్తే, ఆఫీసు పనికి వాడే మామూలు లాప్‌టాప్‌లో 'ఓబ్రా డిన్', 'ఘోస్ట్ ట్రిక్', 'పారానార్మసైట్', 'బ్లాక్‌వెల్' ఇబ్బంది లేకుండా ఆడవచ్చు. 'ఈథన్ కార్టర్'కు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే ఆ లోయ అందం దక్కుతుంది. కథానాయకుడి కళ్లతో చూస్తూ నడిచే గేములతో తల తిరిగేవారు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. వీటిలో దేనికీ తెలుగు సబ్‌టైటిళ్లు లేవు. ఇంగ్లిషు చదవడం సులువే గాని వినడం కష్టమనుకునేవారికి 'ఘోస్ట్ ట్రిక్', 'పారానార్మసైట్' అనుకూలం, ఎందుకంటే వాటిలో అంతా రాతలోనే ఉంటుంది. 'ఓబ్రా డిన్' అందుకు విరుద్ధం. అందులో యాసలే ఆధారాలు కాబట్టి హెడ్‌ఫోన్లు తప్పనిసరి. ఐరిష్ మాటకూ స్కాటిష్ మాటకూ తేడా మన చెవికి వెంటనే అందకపోవచ్చు. అలాంటి చోట నేను వేషధారణనూ స్థానాన్నీ ఆధారం చేసుకున్నాను, దాదాపు అన్నిచోట్లా అదీ సరిపోయింది. ధర విషయంలో, ఇవన్నీ కంప్యూటరు గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో వేసవి, శీతాకాలపు తగ్గింపులలో తరచూ కనిపిస్తాయి కాబట్టి తొందరపడి పూర్తి ధర పెట్టనవసరం లేదు. 'అలన్ వేక్ 2' మాత్రం కంప్యూటరుకు ఎపిక్ స్టోరులోనే దొరుకుతుంది.

ఒక్కటే కొనగలిగితే ఏది అని అడిగేవారికి, గేములకు కొత్త అయితే 'ఘోస్ట్ ట్రిక్', కాగితం కలం పట్టుకుని కూర్చునే అలవాటు ఉంటే 'ఓబ్రా డిన్' అని చెబుతాను. రెండూ కొనగలిగితే మొదట 'ఘోస్ట్ ట్రిక్' ఆడి, దాని తరువాత కొన్ని వారాలు ఆగి 'ఓబ్రా డిన్' మొదలుపెట్టడం మంచిది. ఎందుకంటే రెండోది ఆడాక వచ్చే అనుమానపు చూపుతో మొదటిదాన్ని ఆడితే, కథకు మనసు అప్పగించడం కష్టమవుతుంది. 'ఓబ్రా డిన్' విషయంలో మరొక్క జాగ్రత్త. జవాబులు తెలిసిపోయాక దాన్ని ఇక రెండోసారి ఆడలేం, కాబట్టి ఎక్కడైనా చిక్కుకుంటే ఇంటర్నెట్లో వెతకకుండా ఆ రాత్రికి మూసేసి, మర్నాడు ఓడ కింది అంతస్తు నుంచి మళ్లీ నడవడం మొదలుపెట్టండి.